యూరోపుచరిత్ర బోధనము : సంస్కృతిమార్గ విమర్శనము

చరిత్ర మనఁగా రాజుల వంశావళియు, యుద్ధముల పట్టికయు నను భావము మన పాఠశాలలలోఁ జిరకాలముగా నాటుకొని యున్నది. స్వదేశచరిత్ర విషయమున నీ దోషము కొంతవఱకుఁ గప్పఁబడుచున్నది. రాజరాజనరేంద్రుని పేరు చెప్పఁగానే నన్నయభట్టారకుఁడును, మనుమసిద్ధి పేరు చెప్పఁగానే తిక్కన సోమయాజియు బాలుని మనస్సునఁ దోఁచుదురు. ఉపాధ్యాయుఁడు చెప్పకున్నను సాహిత్యము చరిత్రకుఁ బ్రాణము పోయుచున్నది. యూరోపుచరిత్ర యట్టిది కాదు. ఆ దేశముల కావ్యములను, ప్రతిమలను, చిత్తరువులను, తత్త్వవిచారమును మన బాలుఁ డెఱుఁగఁడు. పదునాలవ లూయీ, పదునాఱవ లూయీ యని లెక్కించుచుఁ బోయిన విద్యార్థికి వారిద్దఱకును గల భేద మంకెలలోనే కాని మఱియొకచోఁ గనఁబడదు.

ఈ లోపమును దీర్చుటకై సంస్కృతి, కళ, భావములు అను మూఁటిని ద్వారముగాఁ జేసికొని యూరోపుచరిత్రను జదువవలె ననువారు గలరు. ఈ మార్గము పాశ్చాత్యులకుఁ గ్రొత్తది కాదు. వోల్టేరు 1756లో జనుల యాచారములను, మనోధర్మములను బ్రధానముగాఁ జేసి సర్వదేశచరిత్రమును వ్రాసెను. గిజో 1828లో పారిసు నగరమున యూరోపు నాగరకతను గూర్చి యుపన్యసించెను. యాకొబ్ బుర్క్‌హార్ట్ 1860లో ఇటలీ పునరుజ్జీవనమును గూర్చి ప్రకటించిన గ్రంథ మీ మార్గమునకు లక్ష్యప్రాయమైనది. ఈ మార్గము మన పాఠశాలలకుఁ దగునా, తగినచో నెట్లు తగును, దానివలనఁ గలుగు నపాయము లేవి యని విచారించుటయే యీ వ్యాసమున నా యుద్దేశము. నేను వైయాకరణుఁడను, కావున శబ్దముతో నారంభింతును.

సంస్కృతిశబ్దము

సమ్ అను నుపసర్గముతోఁ గూడిన కృ ధాతువునకుఁ బాణిని రెండర్థములందు సుడాగమమును విధించెను. భూషణ మొకటి, సమవాయము రెండవది. అలంకరించుట భూషణము, పలువస్తువుల నొకచోఁ గూర్చుట సమవాయము. నేఁటి వ్యవహారమున సంస్కృతి యన్నచో మొదటి యర్థమే మిగిలినది. ఉత్సవమునకు సంస్కృతికార్యక్రమ మని పేరు. నాట్యము, గానము, రంగవల్లి దానిలోని యంగములు. పాశ్చాత్యభాషలలో దీనికి సమానముగా వాడు పదము లాటినుభాషలో దున్నుట, పండించుట యను నర్థముగల ధాతువునుండి పుట్టినది. సిసిరో తత్త్వవిద్యను మనస్సునకుఁ జేయు కృషిగా వర్ణించెను. భూమిని దున్ననివాఁడు పంటను మాత్ర మలంకరింపఁజాలఁడు కదా.

కావున సంస్కృతిద్వారమున చరిత్రను జెప్పెద నను నుపాధ్యాయుఁ డేయర్థమును గ్రహించు నను ప్రశ్నయే ప్రధానమైనది. భూషణార్థమును గ్రహించినవాఁడు నాలుగు చిత్తరువులను జూపి, నలుగురు కవుల పేర్లు చెప్పి, రాజుల పట్టికకు మాఱుగాఁ జిత్రకారుల పట్టికను వల్లె వేయించును. అది పట్టికమార్పే కాని బోధన కాదు. సమవాయార్థమును గ్రహించినవాఁడు చిత్తరువును, దానిని వ్రాయించిన వర్తకుని, ఆ వర్తకుని ధనమును, ఆ ధనము వచ్చిన తీరమును, ఆ తీరమున బాధపడిన మనుష్యుని ఒకచోఁ గూర్చి చూపును. ఈ రెండవయర్థమునందే నేనీ మార్గము నంగీకరించుచున్నాను.

నాలుగు పారిభాషికపదములు

మన చరిత్రపుస్తకములలో యూరోపుభావములను దెలుపుటకుఁ గొన్ని పదములు స్థిరపడి యున్నవి. పునరుజ్జీవనము, మధ్యయుగము, జ్ఞానోదయము, విప్లవము అనునవి వానిలో ముఖ్యములు. ఇవి యన్నియు సంస్కృతపదము లగుటచేఁ బండితుఁడు వీనిని జూచి తనవారే యని తృప్తిపడును. ఆ తృప్తియే ప్రమాదమునకు మూలము. యౌగికార్థ మొక దిక్కునకు లాగును, రూఢి యింకొక దిక్కునకు లాగును.

పునరుజ్జీవన మనఁగాఁ జచ్చినవాఁడు మరల బ్రదుకుట. మూలపదమున కర్థము మరల పుట్టుట. వసారి 1550లో చిత్రకారుల చరిత్రలను వ్రాసినప్పు డిటాలియనుభాషలో నీ పదమును గళలకుఁ బ్రయోగించెను. మిష్‌లే 1855లో తన ఫ్రాన్సుచరిత్రలో నొక సంపుటమునకు దానినే పేరుగా నుంచెను. ఉజ్జీవనమునఁ బాతశరీరమే లేచి కూర్చుండును; పునర్జన్మమున శరీరము క్రొత్తది. ఇటలీలో జరిగినది రెండవదానికి సమీపమైనది. అయినను గర్మసిద్ధాంతము స్ఫురించు నను జంకుచేతఁ గాఁబోలు, మనవారు పునర్జన్మశబ్దమును విడిచిరి. దీనివలన విద్యార్థి గ్రీకు రోమకవిద్యలు శవమువలెఁ బడియుండఁగా నెవరో మంత్రజలమును జల్లి లేపి రని తలఁచును. సత్యము వేఱు. పెట్రార్కు 1345లో వెరోనా నగరమున సిసిరో లేఖలను గనుఁగొనెను. ఎవఁడో యొక లేఖకుఁడు వానిని వ్రాసి యుంచఁగాఁ, దరతరములవారు భద్రపఱుపఁగాఁ గదా యవి పెట్రార్కుచేతఁ బడినవి! నన్నెచోడుని కుమారసంభవమును మానవల్లి రామకృష్ణకవిగారు 1909లో ముద్రింపించి ప్రకటించిన వృత్తాంతము నెఱిఁగిన తెలుఁగుపండితునకు వేఱుగ వ్యాఖ్యానము వలదు. నన్నెచోడుఁడు చావలేదు, తాటాకులలో నుండెను. చదువువాఁడు కఱవయ్యెను. ఆ వృత్తాంతమును ముందు చెప్పి పెట్రార్కు వృత్తాంతమును బిమ్మటఁ జెప్పినచో, పదమునందలి దోషము బోధనమునఁ దొలఁగిపోవును.

మధ్యయుగ మనుపదము మఱింత చిక్కైనది. మధ్య మనఁగా రెంటికి నడుమ నుండునది. ఆ రెండేవి? ప్రాచీనరోమునకును దమకును నడుమ నున్న కాలమును ఇటలీలోని విద్వాంసులు చులకనగాఁ జూచి పెట్టిన పేరది. తమ్ము తాము నూతనులుగా భావించుకొన్నవారి దృష్టిలోనిదే యా మధ్యత్వము. దానిని గొని తెచ్చి మన చరిత్రకుఁ దగిలించి, తిక్కన మధ్యయుగకవి యని వ్రాయుచున్నాము. తిక్కన యెవరికి నడుమ నున్నవాఁడు?

ఇచ్చట నొక పోలికను బండితుల యెదుట నుంచుచున్నాను. తిక్కన శిష్యకోటిలోనివాఁడును, దశకుమారచరిత్రము నాయనకుఁ గృతి యిచ్చినవాఁడును నగు మూలఘటిక కేతన యాంధ్రభాషాభూషణమును రచించెను. తెలుఁగు వ్యాకరణమును దెలుఁగునఁ జెప్పిన గ్రంథములలో నదియే తొలుతటి దని ప్రసిద్ధి. కాలము 13వ శతాబ్దము. ఆ శతాబ్దముననే 1265లో ఫ్లారెన్సునందు డాంటే జన్మించెను. అతఁడు దేశభాష కావ్యమునకుఁ దగు నని స్థాపించుచు 14వ శతాబ్దారంభమున నొక గ్రంథమును వ్రాసెను. కాని దానిని లాటినుభాషలో వ్రాసెను. దేశభాష గొప్పద నని పండితులను నమ్మించుటకుఁ బండితభాషయే యాతనికిఁ గావలసి వచ్చెను. కేతన దేశభాషకు లక్షణమును దేశభాషలోనే పద్యములఁ జెప్పెను. కాస్తిల్లాభాషకు నెబ్రిహా రచించిన వ్యాకరణము 1492 నాఁటికిఁ గాని వెలువడలేదు. మన సీమ ముందుండె నని గర్వించుటకై దీనిని జెప్పుట లేదు. దేవభాషయు దేశభాషయుఁ గల ప్రతిదేశమునను, దేశభాష కేది యధికార మను ప్రశ్న పుట్టియే తీఱు నని చూపుటకుఁ జెప్పుచున్నాను. తిక్కన కేతనల నెఱిఁగిన బాలుఁడు డాంటేను బరదేశిగాఁ జూడఁడు. మధ్యయుగ మను పేరు కప్పిపెట్టిన సజీవమైన వివాద మీ విధముగా బయలుపడును.

జ్ఞానోదయశబ్దమును గూర్చి నా యనుభవ మొకటి చెప్పవలసి యున్నది. పరీక్షాపత్రమున నొక విద్యార్థి, జర్మనీలోఁ గాంటునకుఁ జెట్టుక్రింద జ్ఞానోదయ మయ్యె నని వ్రాసెను. చూచి నవ్వితిని. తరువాత నాలోచింపఁగాఁ దప్పు వానిది కాదని తోఁచెను. బుద్ధుని కథలో నేర్చిన పదమునే మరల 18వ శతాబ్దపు యూరోపునకుఁ బ్రయోగించి, యీ రెండును వేఱని చెప్పకపోయినది మేము. ఇంగ్లీషున రెంటికి నొకేపదమును వాడుట యీ సంకరమునకు మూలము. జర్మనుభాషలో నీ రెండర్థములకు వేఱువేఱు పదము లున్నవి. కాంటు 1784లో నొక మాసపత్రికయందుఁ బ్రకటించిన చిన్నవ్యాసమున వాడిన పదమునకు మబ్బువిడిచి తెలివియగుట యని యర్థము చెప్పవచ్చును. మనుష్యుఁడు తనకుఁ దానే తెచ్చిపెట్టుకొన్న బాల్యదశనుండి వెలువడి, పరుల పెద్దఱికము లేక తన బుద్ధిని దాను వినియోగించుకొనుటయే యాతని యభిప్రాయము. బోధివృక్షముక్రింద నుదయించినది యొక్కనికి, ఏకాంతమున, సర్వదుఃఖనివృత్తికై. కాంటు కోరినది పెక్కండ్రకు, ముద్రితపత్రములద్వారమున, బహిరంగమున. రెండును గొప్పవే, కాని యొకటి కాదు.

విప్లవశబ్దమున ప్లు ధాతువున కీఁదుట, తేలుట, ముంచెత్తుట మొదలగు నర్థములు గలవు. సంస్కృతకావ్యములలో విప్లవ మన్నచో నుపద్రవము, నాశము, కల్లోలము. ఐరోపీయపదమున కర్థము తిరుగుట, మరల మొదటిచోటికి వచ్చుట. కొపెర్నికసు 1543లోఁ బ్రకటించిన జ్యోతిషగ్రంథమున కా పదమే పేరు. అది ఖగోళముల పరిభ్రమణమును దెలుపును. ఇంగ్లాండులో 1688లో జరిగిన రాజపరివర్తనమునకు నదే పేరు పెట్టినప్పుడు, పూర్వపుధర్మము మరలవచ్చిన దను భావము కొంత యుండెను. ఫ్రాన్సులో 1789 తరువాత నాపదమునకు, వెనుకకుఁ దిరుగరాని క్రొత్తమార్పను నర్థము స్థిరపడెను. ఆకాశముననుండి భూమికి దిగి, చక్రమునుండి ఋజురేఖగా మాఱిన యీ పదము కథయే రెండున్నర శతాబ్దముల యూరోపుచరిత్ర. మన పదము వఱదను మాత్రము చూపుచున్నది. గ్రహగతిని జూపుట లేదు.

ఈ పదములను గొట్టివేసి క్రొత్తవానిని గల్పింపవలెనని నా మతము కాదు. రూఢి బలవత్తరము, వ్యవహారమున నిలిచిన పదమును వైయాకరణుఁడు శాసించి తొలఁగింపలేఁడు. పంకజశబ్దము వినినవాఁడు బురదను దలఁపఁడు. కాని బురదలోఁ బుట్టిన దను సంగతియు నెఱిఁగినవానికిఁ దామరను గూర్చిన జ్ఞాన మధిక మగును. పదమును విప్పి చూపుట మన విద్య. యూరోపుచరిత్రపాఠమున నీ పనికిఁ దెలుఁగుపండితుఁడే యర్హుఁడు. చరిత్రోపాధ్యాయుఁ డొంటిగాఁ జేయఁజాలఁడు.

విదూషకునినుండి చరిత్రకు

సంస్కృతము చదివినవానికి యూరోపుచరిత్రతో నేమి పని యని సంశయించువారికి యోహాన్ హొయిజింగా జీవితమే సమాధానము. ఈతఁడు 1872లో హాలెండులోని గ్రోనింగెనునందు జన్మించెను. సంస్కృతమును, భాషాతులనశాస్త్రమును జదివి, 1897లో సంస్కృతనాటకములందలి విదూషకపాత్రమును గూర్చి సిద్ధాంతవ్యాసమును సమర్పించి పట్టమును బడసెను. పిమ్మట హార్లెమునందలి యొక పాఠశాలలోఁ జరిత్రోపాధ్యాయుఁడుగాఁ గొన్నియేఁడులు పనిచేసెను. 1905లో గ్రోనింగెనునందును, 1915లో లైడెనునందును జరిత్రాచార్యపదవిని బొందెను. పాఠశాలోపాధ్యాయులగు చదువరు లీ సంగతిని గమనింతురు గాక.

ఈతనికి యశస్సును దెచ్చిన గ్రంథము 1919లో వెలువడినది. మధ్యయుగముల శరత్కాల మని దాని పేరునకు స్థూలార్థము. దానికి బీజము చిత్తరువులయందున్నది. బ్రూజ్ నగరమున 1902లోఁ బూర్వపు ఫ్లెమిషుచిత్రముల ప్రదర్శనము జరిగెను. వాన్ ఐక్ మొదలగువారి చిత్రములను సరిగా నెఱుఁగఁగోరిన హొయిజింగా, వారు బ్రదికిన బర్గండీ రాజసభలోని జీవనమును, భక్తిని, ప్రేమసంకేతములను, మృత్యుభయమును శోధించెను. ఆ చిత్రకారులు నూతనయుగమునకు వేకువ యని పలువు రనుచుండఁగా, ఈతఁడు గతించుచున్న యుగమునకుఁ బంటకాల మని నిర్ణయించెను. ఒకే చిత్రమున నొకఁడు మొలకను, వేఱొకఁడు పండుటాకును జూచుట యెట్లు సంభవించె నను చర్చయే విద్యార్థికిఁ జరిత్రవిమర్శనమునందుఁ దొలిపాఠము కాఁదగినది.

విదూషకుని గూర్చి చదివిన చదువు వృథ కాలేదు. 1938లోఁ బ్రకటించిన యింకొక గ్రంథమున నీతఁడు క్రీడయే సంస్కృతికి మూల మని వాదించుచు, సంస్కృతమున క్రీడార్థకములగు పదములకుఁ గల భేదమును బరామర్శించెను. క్రీడతి, దీవ్యతి, లీల యను పదములు మనకు బాల్యమునుండి నోట నానినవే. వానినుండి యిట్టి విచారము పుట్టునని మన కేల తోఁచలేదు? 1942లో నాజీల నిర్బంధమునకు లోనై, విడుదలయైన పిమ్మటను దన నగరమునకు మరలుట కనుజ్ఞ లేక, 1945 ఫిబ్రవరిలో హొయిజింగా మృతినొందెను.

ఈతని దోషములనుగూడఁ జెప్పవలెను. రాజసభయు, మఠమును, చిత్రశాలయు నీతని గ్రంథమున వెలుఁగునంతగాఁ బొలము వెలుఁగదు. పన్ను కట్టువాని గోడు, నేఁతగాని కూలి యందు విరళములు. బుర్క్‌హార్ట్ గ్రంథమునందును నీ లోపమే. భూషణార్థము సమవాయార్థమును మింగివేయుట యెట్లో యీ మహాగ్రంథములే చూపుచున్నవి. వీనిని జదువవలెను, కాని వీనివెంటఁ గన్నులు మూసికొని పోరాదు.

మన తీరమున దొరకు సాధనములు

యూరోపుకళను జూపుటకు మన పాఠశాలలలోఁ బ్రదర్శనశాల లెక్కడివి యని యడుగుదురు. నెల్లూరు తీరముననే కొన్ని సాధనము లున్నవి.

మొదటిది నాగలిచాలునందు దొరకినది. 1786లో నెల్లూరికి సమీపమున నొక కృషీవలుఁడు దున్నుచుండఁగా నాగలి యిటుకకట్టునకుఁ దగిలెను. త్రవ్వఁగా నొక చిన్న దేవాలయముయొక్క శిథిలమును, దానిక్రింద నొక కుండలో రోమకుల బంగారునాణెములును గనఁబడెను. అతఁడు వానిని బాతబంగారముగా నమ్మివేసెను. పెక్కులు కరఁగిపోయి యుండును. ముప్పదికిఁ బైఁబడినవి మాత్రము దక్కినవి. అవి ట్రాజను, హేడ్రియను చక్రవర్తులవియు, ఫాస్టినా రాణివియు నని చెన్నపట్టణపు పూర్వగవర్నరు డేవిడ్సను 1787లో వ్రాసిన లేఖ ఏషియాటిక్ సొసైటీ వారి ద్వితీయసంపుటమున ముద్రితమైనది. కొన్నిటికి రంధ్రము లుండె నఁట. ఆభరణములుగా ధరించి యుందురు. ఆ 1786లోనే ఫిబ్రవరి 2వ తేదిని కలకత్తాలో విలియం జోన్సు, సంస్కృతమునకు గ్రీకు లాటినుభాషలతోఁ గల బాంధవ్యమును బ్రకటించెను. ఒకే సంవత్సరమున రోమునకును మనకును గల సంబంధమునకు నాణెము సాక్ష్య మిచ్చెను, ధాతువును సాక్ష్య మిచ్చెను.

ఈ యొక్క వృత్తాంతముతో నెంత పాఠము చెప్పవచ్చునో చూడుఁడు. నాణెముమీఁద రాజు ముఖ మేల? చక్రవర్తిని మరణానంతరము దేవునిగాఁ జేయు రోమకుల యాచార మెట్టిది? భారతదేశమునకు సంవత్సరమున కైదుకోట్ల సెస్టర్సుల ధనము తరలిపోవుచున్నదని ప్లీనీ యేల వగచెను? రోమునందుఁ జక్రవర్తిముద్ర యగు బంగారము మనయొద్ద మెడలోని కాసెట్లయ్యెను? విలువకును, అర్థమునకును గల భేద మిచ్చటఁ దెలియును. శబ్దము దేశాంతరమున వేఱర్థమును దాల్చినట్లే నాణెమును దాల్చినది.

రెండవది ప్రళయకావేరి. ఆ సరస్సులో నధికభాగము తెలుఁగునేల. పులికాటు పట్టణము నేఁడు తమిళనాట నున్నది. డచ్చివర్తకు లచ్చట 1613లో గెల్డ్రియా కోటను గట్టిరి. ఉత్తరమున దుగ్గరాజపట్టణముకడ నింగ్లీషువారు 1626లో స్థానము నేర్పఱుచుకొని, 1640లోఁ జెన్నపట్టణమునకుఁ దరలిపోయిరి. పులికాటున డచ్చివారి శ్మశాన మున్నది. దాని ద్వారమున రాతిలోఁ జెక్కిన యస్థిపంజరము లిరుప్రక్కల నిలిచియున్నవి. లోపలి సమాధిఫలకములమీఁదఁ జిత్రమైన చెక్కడములు, కులచిహ్నములు, డచ్చిభాషలో శాసనములు గలవు. హొయిజింగా తన గ్రంథమున మృత్యుదర్శనమునకుఁ బ్రత్యేకప్రకరణము వ్రాసెను. అస్థిపంజరము రాజును, బిచ్చగానిని, బిషప్పును చేయిపట్టి నాట్యమాడించు చిత్రములు 15వ శతాబ్దపు యూరోపున దేవాలయకుడ్యములమీఁద నుండెను. 17వ శతాబ్దపు లైడెనులోఁ జిత్రకారులు పుస్తకములనడుమ, వీణెలనడుమఁ బుఱ్ఱెను వ్రాసి యైశ్వర్య మనిత్య మని తెలిపిరి. ఆ భావమే సముద్రము దాఁటి మన సరస్సు నొడ్డున నిలిచినది. శ్మశానవైరాగ్యమన నెఱిఁగిన తెలుఁగుబాలుని కీ ప్రతిమలు చూపి, మన వైరాగ్యమునకును వారి వైరాగ్యమునకును భేద మేమి, పునర్జన్మమును నమ్మని మతమున మృత్యు వెట్లు కనఁబడు నని యడిగినచో, సంస్కరణయుగపు మతవివాదము లన్నియు వానంతట నవియే తెఱచుకొనును.

కాని యిచ్చట నాఁగినచో భూషణార్థమున నాఁగినట్లే. ఆ కోటలోఁ దుపాకిమందు తయారుచేయు శాల యుండెను. ఆ రేవునుండి 17వ శతాబ్దమునఁ గఱవుకాలములందు మనుష్యులను బానిసలుగాఁ గొని ఓడల కెక్కించి బటావియాకుఁ బంపిరి. ఆ కాలముననే రెంబ్రాంటు ఆంస్టర్డామునందు మానవముఖముల యందలి కరుణను వర్ణములలో నిలుపుచుండెను. మొగలాయిచిత్రములను జూచి రేఖాపటములను గూడ వ్రాసెను. ఈ రెండును నొకే నగరపు ధనముతోఁ జేరియున్నవి. రెంబ్రాంటును జూపి బానిసయోడను జూపని పాఠ మసత్యము. బానిసయోడను జూపి రెంబ్రాంటును దాఁచిన పాఠమును నసంపూర్ణము. ఇంత కరుణను జూడనేర్చిన జనము దూరతీరమున నింత కాఠిన్యమును జేయుట యెట్లు సాధ్యమయ్యె నను ప్రశ్నను విద్యార్థి మనస్సున నిలుపుటకే యీ రెంటిని గూర్పవలెను.

మూఁడవది వస్త్రము. కోరమండల తీరపు అద్దకపుగుడ్డలు యూరోపునఁ బ్రియమై, అచ్చటి ఉన్ని పట్టు నేఁతగాండ్రకు జీవనహాని కలిగించెను. 1686లో ఫ్రాన్సును, 1721లో నింగ్లాండును వానిని నిషేధించెను. కళ రుచిని మార్చుట, రుచి వర్తకమును మార్చుట, వర్తకము శాసనమును మార్చుట యను క్రమ మిచ్చట స్పష్టము. చరిత్రపుస్తకమునఁ బార్లమెంటుశాసన మని యొక పంక్తిలోఁ జదువున దాని వెనుక మన తీరపువాని కలము, చాయవేరు నున్నవని యెఱిఁగిన బాలుఁడు దానిని మఱవఁడు.

ఆక్షేపములు

రాజులును తేదులును లేక చరిత్ర నిలుచునా యని మొదటి యాక్షేపము. నిలువదు. తేది సూత్రమువంటిది, వృత్తి లేక యర్థము కాదు, సూత్రము లేక వృత్తి కాధారము లేదు. సూత్రములను మాత్రము వల్లించినవాఁడు వైయాకరణుఁడు కానట్లే, భావములను మాత్రము పలికినవాఁడు చరిత్రజ్ఞుఁడు కాఁడు. 1784లోనే కాంటు తన వ్యాసమును వ్రాసె ననియుఁ, గలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ స్థాపితమయ్యె ననియు నెఱిఁగినఁ గాని, యా రెంటి సంబంధమును గూర్చిన ప్రశ్నయే పుట్టదు.

స్వదేశచరిత్రయే సరిగా రానివానికిఁ బరదేశచరిత్ర మెందుల కని రెండవ యాక్షేపము. వీరేశలింగముపంతులుగారి రాజశేఖరచరిత్రము గోల్డ్‌స్మిత్తు నవల ననుసరించి పుట్టినది. కట్టమంచి రామలింగారెడ్డిగారి కవిత్వతత్త్వవిచారము 1914లో వెలువడి మన విమర్శనమార్గమునే మార్చినది. మన నవలయు, విమర్శనమును బాశ్చాత్యభావములతోఁ గలిసి పెరిగిన పిమ్మట, ఆ భావముల పుట్టుక నెఱుఁగకుండుట స్వసాహిత్యము నెఱుఁగకుండుటయే యగును.

కళలను జూపుట యూరోపును బొగడుట యగు నని మూఁడవ యాక్షేపము. దీనికి సమాధానము పులికాటుప్రకరణమున నిచ్చితిని. మఱియొకటి చేర్తును. మన నెల్లూరుసీమ తోలుబొమ్మలాటలోఁ దెరమీఁది రాముఁడు దూరమునఁ జిన్నవాఁడుగా, దగ్గఱఁ బెద్దవాఁడుగాఁ గనఁబడఁడు; పాత్ర గౌరవమును బట్టి పరిమాణము. అల్బెర్టి 1435లో రచించిన చిత్రశాస్త్రమునఁ జిత్రపటమును గవాక్షముతోఁ బోల్చి, ఒక్కనికంటికిఁ గనఁబడు దూరమును గణితముచేత నిర్ణయింపవలె ననెను. ఒకటి కథను బట్టిన చూపు, ఒకటి ద్రష్టను బట్టిన చూపు. ఈ భేదమును జూపుటలో నెవరిని బొగడుటయు లేదు, తెగడుటయు లేదు. ద్రష్టయొక్క స్థానమునకు గౌరవ మేల వచ్చెనో విచారించినచో యూరోపు వ్యక్తివాదమును బోధించుట కిదియే సుగమమైన మార్గము.

చేయవలసిన పని

పాఠశాలలయందుఁ జరిత్రోపాధ్యాయుఁడును తెలుఁగుపండితుఁడును నెలకొకపాఠము కలసి చెప్పవలె నని నా ప్రార్థన. ఆ పాఠమున నొక పదము, ఒక వస్తువు, ఒక తేది యుండవలెను. పదమును బండితుఁడు విప్పును. తేదిని జరిత్రోపాధ్యాయుఁడు నిలుపును. వస్తువును విద్యార్థి చేతికిచ్చి, తాఁ జూచినది చెప్పు మని యడుగవలెను. విద్యార్థి చూచి చెప్పినదానిని ముందు విని, గ్రంథకర్తల మతమును బిమ్మటఁ జెప్పవలెను. యూరోపుచరిత్రపదములకుఁ బుట్టుక, మన భాషలోనికి వచ్చిన క్రమము, యౌగికరూఢ్యర్థముల భేదము తెలుపు చిన్న పదకోశమును బరిషత్తువారు పూనుకొనిన బాగుండును. నూఱుపదములున్నను జాలును. పైఁజెప్పిన నాలుగింటిని బరీక్షించుటలో నేను బొరపడిన పట్లను విజ్ఞులు సవరింతురు గాక.